వెయ్యి మంది పట్టే గ్యాలరీ

ఆ రోజుల్లో నాకు మనుషుల మీద కంటే అంకెల మీద నమ్మకం ఎక్కువ. మనుషులు పొద్దున ఒకటి చెప్పి సాయంత్రానికి ఇంకొకటి చెప్పేవారు. ఏడెనిమిదులు మాత్రం ఎప్పుడడిగినా యాభై ఆరే. అలాగని నేనేదో లెక్కల్లో పండితుణ్ణి అనుకునేరు. పదో తరగతి లెక్కల పరీక్ష రెండుసార్లు తప్పినవాణ్ణి (అక్కడ అక్షరాల్ని కూడమంటారు, నాకేమో అంకెల్ని కూడటమే వచ్చు). కానీ బళ్ళో రానిది బజార్లో వచ్చింది. గడ్డిమేటు చుట్టూ ఒకసారి తిరిగొస్తే అందులో ఎన్ని మోపులుంటాయో చెప్పేవాణ్ణి. కాలువ గట్టున పోసిన ఇసుక గుట్ట చూసి ఎన్ని బళ్ళో చెప్పేవాణ్ణి. నాకెవరూ నేర్పలేదు, అడక్కుండా చెప్పొద్దని కూడా ఎవరూ నేర్పలేదు. ఇరవై ఏళ్ళ వయసులో ఆ రెండో చదువు లేకపోవడం వల్ల వచ్చిన చిక్కులే ఎక్కువ.

ఇదంతా ఎందుకు గుర్తొచ్చిందంటే, మొన్న ఇంట్లో అందరం టీవీ ముందు కూర్చున్నాం. ఇప్పటి ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు మూడు దేశాల్లో జరగడం, ఆ స్టేడియాల్ని ఆకాశంలోంచి చూపించడం, మా కొత్త అల్లుడు గారు చేతిలో ఫోను పెట్టుకుని ఒక్కోదాని వివరం నాకు చదివి వినిపించడం జరుగుతోంది. "చూశారా మావయ్యగారూ, ఇందులో ఎనభై వేలమంది పడతారంటండి!" అన్నాడు. "ఎలా కూర్చుంటేనండి?" అన్నాను. అల్లుడు ఫోను దించి నా మొహం చూశాడు. పక్కనే ఉన్న మా అబ్బాయి ఫక్కున నవ్వి, "బావగారికి ఆ గ్యాలరీ సంగతి తెలీదు కదా, చెప్పండి నాన్నగారూ" అన్నాడు. చెప్పాలంటే ముందు మా మావయ్య గురించి చెప్పాలి.

మావయ్య అంటే మా అమ్మకి తమ్ముడు. తణుకు దగ్గర్లో మా ఊరు. ఆ చుట్టుపక్కల పెళ్ళికైనా, చర్చి కన్వెన్షనుకైనా, నాటకానికైనా పందిరి వేయాలంటే ఆయనే. సరుగుడు గుంజలు పాతి, వెదురు బొంగులు కట్టి, పైన తాటాకు పరిచాడంటే ఎండ చుక్క కింద పడేది కాదు. అయితే ఒక వేసవిలో నాటకం మధ్యలో గాలిదుమ్ము లేచి, ఆయన వేసిన పందిరి ఒక పక్కకి వాలిపోయింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. రాజు వేషం వేసినాయన కిరీటం మాత్రం తాటాకుల్లో చిక్కుకుని పైనే ఉండిపోయింది. గాలి ఎవరి చేతిలోనూ లేదని అందరికీ తెలుసు. అయినా మర్నాటి నుంచి మావయ్యకి 'వాలుపందిరి గారు' అని పేరు పడింది. మా వైపు వెక్కిరించినా గారు పెట్టే వెక్కిరిస్తారు. "వాలుపందిరి గారూ, టీ తాగుతారేంటండి?" అని హోటల్లో మర్యాదగా అడిగేవారు. మావయ్య మర్యాదగానే "ఆయ్, తాగుతానండి" అనేవాడు. కానీ ఆ ఏడాది పెళ్ళిళ్ళన్నీ పక్క ఊరి పందిరి ఆసామికి పోయాయి. రోజంతా గుంజలు నీడలోకి జరుపుకుంటూ, ఎండలోకి జరుపుకుంటూ కూర్చునేవాడు. పదో తరగతి తప్పి ఖాళీగా ఉన్న నేను పక్కన కూర్చుని ఆ గుంజలు లెక్కపెడుతూ ఉండేవాణ్ణి.

అలా ఉండగా డ్రిల్లు మాస్టారు వచ్చారు. మా ఊరి మిషను హైస్కూల్లో ఆయన ఆటలు నేర్పేవారు. ఎప్పుడో దొరలున్నప్పుడు చదును చేయించిన పెద్ద ఫుట్‌బాల్ గ్రౌండు ఒకటి ఆ బడికుంది. అందులో ఎక్కువగా మేకలు ఆడేవి. ఆ గ్రౌండులో అంతర్జాతీయ ఫుట్‌బాల్ టోర్నమెంటు పెడుతున్నానని మాస్టారు ప్రకటించారు. "అంతర్జాతీయం ఏంటండి మాస్టారూ?" అని మావయ్య నోరు తెరిచాడు. మాస్టారు వేళ్ళు మడిచి చెప్పారు. విశాఖపట్నంలో చదువుకుంటున్న ఆఫ్రికా కుర్రాళ్ళ జట్టు వస్తామని ఒప్పుకుంది. అది ఒక ఖండం. రాత్రిళ్ళు ఈల ఊదుకుంటూ మా వీధులు తిరిగే గూర్ఖా, చుట్టుపక్కల ఊళ్ళ గూర్ఖాలు కలిసి ఒక జట్టు కట్టారు. అది నేపాల్. ఇక యానాం నుంచి ఇంకో జట్టు. "యానాం మన గోదావరి పక్కనే కదండి?" అని నేను అన్నాను. "ఒకప్పుడు ఫ్రాన్సు వాళ్ళది కాదా? ఆ జట్టులో ఒకాయన తాతగారికి ఇప్పటికీ పారిస్ నుంచి పించను వస్తోంది" అన్నారు మాస్టారు. అలా అది ఫ్రాన్సు. నాలుగోది మా ఊరు. అంటే ఇండియా.

"ఇంతమంది విదేశాల వాళ్ళు వచ్చాక జనం గట్టు మీద నిలబడి చూస్తే ఏం బావుంటుందండి? స్టేడియం కావాలి. మెట్లు మెట్లుగా, వెయ్యి మంది పట్టేలా ఒక గ్యాలరీ కట్టాలి. మీరే కట్టాలి" అన్నారు మాస్టారు. మావయ్య ఒప్పుకున్నాడు. మాస్టారు వెళ్ళాక నాతో అన్నాడు: "అల్లుడూ, ఇది నిలబడితే ఆ పేరు పోద్దిరా. నిలబడకపోతే నా తర్వాత నా కొడుకుని కూడా వాలుపందిరి గారి అబ్బాయనే పిలుస్తారు." ఆ మాటతో నాకు గుండె బరువెక్కింది. వెంటనే తేలిక కూడా అయింది, ఎందుకంటే ఇది లెక్క తేల్చాల్సిన పని. లెక్కంటే నేనే.

ఎప్పుడో మంగలి షాపులో తిరగేసిన ఒక ఆటల పత్రికలో విదేశీ స్టేడియాల మీద వ్యాసం చదివాను. మనిషికి అడుగున్నర చోటు చాలని అందులో ఉంది. నేను దాన్ని ఊరికే నమ్మలేదు. బళ్ళో బెంచీ మీద దొరికినవాళ్ళందర్నీ కూర్చోబెట్టి టేపుతో కొలిచాను. సన్నవాళ్ళు, లావువాళ్ళు, పిల్లలు, పెద్దలు. ఆఖరికి అమ్మమ్మని కూడా కూర్చోబెట్టాను. "నా నడుం కొలవడమేంట్రా, గౌను కుట్టిస్తావా?" అని ఆవిడ కేకలేసినా కదలకుండా కొలిచాను. అందరూ అడుగున్నరలో సరిపోయారు. ఎనిమిది మెట్ల వరసలు, వరసకి నూట ఇరవై అయిదు మంది, వెయ్యి. కాగితం మీద ఆ సున్నాలు మూడూ పక్కపక్కన పడ్డప్పుడు నాకు కలిగిన ఆనందం, తర్వాత పెళ్ళి చూపుల్లో కూడా కలగలేదు. మావయ్య మాత్రం ఒక అనుమానం అడిగాడు. "బంతి భోజనాలకి మనిషికి రెండున్నర మూడడుగులు వదుల్తాం కదరా, మరి ఇక్కడ సగమేంటి?" నేను జాలిగా నవ్వాను. "అది భోజనం మావయ్యా, ఇది ఫుట్‌బాలు" అన్నాను. ఆ జవాబులోని తెలివికి ఆయన తలూపాడు. ఇప్పటికీ ఒంటరిగా ఉన్నప్పుడు ఆ వాక్యం గుర్తొస్తే చెవులు వేడెక్కుతాయి.

బరువు సంగతి కూడా తేల్చాను. మా వైపు ధాన్యం బస్తా డెబ్బై అయిదు కిలోలు. మనిషిని ముప్పాతిక బస్తాగా లెక్క వేశాను. ఏ గుంజ మీద ఎంత పడుతుందో, గుంజలు ఎంత దగ్గరగా పాతాలో మావయ్య అనుభవంతో చెప్పాడు, నేను కాగితం మీద సరిచూశాను. కట్టడం అయ్యాక పక్కనే ఉన్న రైసుమిల్లు నుంచి బస్తాలు తెచ్చి, ఒక భాగం మీద వరసగా, అడుగున్నరకి ఒకటి చొప్పున నిలబెట్టి ఒక రోజంతా ఉంచాం. మా స్టేడియానికి మొదటి ప్రేక్షకులు వాళ్ళే. ఎంత క్రమశిక్షణ! కదిలింది లేదు, గుసగుసలాడింది లేదు. ఖాళీ గ్రౌండు వైపు చూస్తూ బుద్ధిగా కూర్చున్నారు. గ్యాలరీ చిన్న చప్పుడు కూడా చేయలేదు. మావయ్య కింద నుంచి చూసి, "నిలబడిందిరా అల్లుడూ" అన్నాడు. ఆయన మొహంలో ఆ ఏడాదిలో మొదటిసారి రంగు చూశాను. ఆ ఊపులో నేను నీలం రంగు డబ్బా తెచ్చి, చెక్కల మీద అడుగున్నరకొక గీత గీసి, ఒకటి నుంచి వెయ్యి దాకా అంకెలు వేశాను. మాస్టారు వెయ్యి పాసులు అచ్చు వేయించి, ఒక్కో పాసు మీద ఒక్కో అంకె వేయించి, ఊళ్ళన్నిటికీ పంచేశారు.

ఆట రోజు మధ్యాహ్నం మూడు దాటగానే జనం మొదలయ్యారు. మొదట వచ్చినవాళ్ళు గ్యాలరీ కింద ఆగి, కొత్త చెక్కలు చూసి, చెప్పులు విడిచి ఎక్కారు. వాళ్ళని చూసి వెనకవాళ్ళూ విడిచారు. కాసేపటికి గ్యాలరీ ముందు చెప్పుల గుట్ట లేచింది. ఇది నా లెక్కలో లేదు గానీ, చెప్పులకి చోటు ఎవరు కొలుస్తారని ఊరుకున్నాను. ఎక్కినవాళ్ళు పాసు చూసుకుని, అంకె వెతుక్కుని, దాని మీద ఒక్క క్షణం నిలబడి, తర్వాత... బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. ఒక్కరు కాదు, అందరూ. ఎడమ మోకాలు ఎడమ పక్క అంకె మీద, కుడి మోకాలు కుడి పక్క అంకె మీద. మూడు వందల పన్నెండు పాసు చేతిలో పట్టుకున్నాయన వచ్చేసరికి ఆ అంకె సగం ఒకాయన మోకాలి కింద, సగం ఇంకొకాయన కండువా కింద ఉంది. కండువా ఎందుకని అడిగితే, "మా తోడల్లుడు వస్తున్నారండి, దార్లో ఉన్నారు" అని జవాబు. సగం మంది ఎక్కేసరికి గ్యాలరీ నిండిపోయింది. మిగతా సగం పాసులు పైకెత్తి పట్టుకుని కింద నిలబడి ఉంది. మాస్టారు మెడలో ఈలతో నా దగ్గరకి పరిగెత్తుకొచ్చి, "వెయ్యన్నావు కదరా! ఎక్కడ వెయ్యి?" అన్నారు.

నేను గ్యాలరీ ఎక్కాను. మూడో వరసలో మా ఊరి పెద్ద రైతొకాయన కూర్చుని ఉన్నారు. "బాబుగారూ, కాస్త కాళ్ళు కిందకి వేలాడేసుకుని కూర్చోండి. అప్పుడు ఇంకొకరు పడతారండి" అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూశారు. "ఎక్కడికి వేలాడెయ్యమంటావురా?" అన్నారు. "కిందకండి. ముందు మెట్టు మీదకి." ఆయన ముందుకి వంగి నాకు చూపించారు. ముందు మెట్టు మీద, సరిగ్గా ఆయన పాదం దిగే చోట, మా ఊరి చర్చి పెద్ద అయ్యగారు కూర్చున్నారు. తెల్ల జుట్టు, తెల్ల చొక్కా. "అయ్యగారి భుజం మీద కాలు పెట్టమంటావేంట్రా? మీ మావయ్య ఇదేనా నేర్పింది?" అన్నారు రైతుగారు. ఆ మాట అయ్యగారికి వినబడి వెనక్కి తిరిగారు. "పర్లేదు బాబూ, వేసుకోండి, నాకేం కాదు" అన్నారు. "ఎంత మాటండి! మీరు ముందుకి తిరిగి ఆట చూడండి" అని రైతుగారు కాళ్ళు ఇంకాస్త లోపలికి లాక్కున్నారు. నేను అయ్యగారి వైపు చూశాను, కనీసం ఈయనైనా వేలాడేస్తారేమోనని. ఆయనా బాసింపట్టే. ఆయన ముందు మెట్టు మీద మిల్లులో బస్తాలు కుట్టే ముసలాయన కూర్చున్నాడు.

అప్పుడు నాకు మా స్టేడియం మొత్తం ఒక్కసారిగా కనబడింది. మెట్లు మెట్లుగా కట్టడమంటే ఒకరి పాదాల దగ్గర ఇంకొకరి తల పెట్టడం. పత్రికలో రాసినాయన ఈ సంగతి రాయలేదు. నేను బెంచీ మీద కొలిచినప్పుడు ఎవరి ముందూ ఎవరూ లేరు. అయినా పట్టు వదల్లేదు. మాస్టారు బతిమాలగా అయిదో వరసవాళ్ళు మొహమాటపడి కాళ్ళు కిందకి దించారు. ఇక చూడండి. ఒకాయన బొటనవేలు ముందాయన వీపుకి తగిలింది. వెంటనే వంగి, ఆ వీపుని వేళ్ళతో తాకి కళ్ళకద్దుకున్నాడు. ముందాయన తిరిగి "అయ్యో, పర్లేదండి" అన్నాడు. "తప్పయిందండి" అన్నాడు ఈయన. తిరిగేటప్పుడు ఆయన మోచెయ్యి పక్కావిడ క్యారేజీకి తగిలింది, దానికి మళ్ళీ ఒక క్షమాపణ. వరస పొడుగునా వంగడం, తాకడం, కళ్ళకద్దుకోవడం, వెనక్కి తిరగడం, పర్లేదండీలు. దూరం నుంచి చూసినవాళ్ళకి అక్కడేదో దేవుడు వెలిశాడనిపించి ఉంటుంది. రెండు నిమిషాల్లో వరస వరసంతా కాళ్ళు మడిచేసుకుని హమ్మయ్య అనుకుంది. కింద మిగిలిపోయినవాళ్ళు పాసులు జేబులో పెట్టుకుని గ్రౌండు గీత చుట్టూ చేరారు. మాస్టారు ఇక నా వైపు చూడకుండా ఆట మొదలుపెట్టించారు.

మొదటి ఆట ఆఫ్రికా కుర్రాళ్ళకీ నేపాల్‌కీ. ఆ కుర్రాళ్ళు పొడుగ్గా, మెరుపులా ఉన్నారు. నేపాల్ గోలు దగ్గర నిలబడింది మా వీధి గూర్ఖా. రాత్రిళ్ళు ఈల మాత్రమే విని, మనిషిని పగలు సరిగా చూడని ఊరు మాది. ఆ రోజు అతను కుడికీ ఎడమకీ దూకుతుంటే, ఇన్నాళ్ళూ మన గుమ్మాల ముందు తిరిగింది ఇతనా అని జనం ఆశ్చర్యపోయారు. విరామానికి కాస్త ముందు ఆఫ్రికా జట్టుకి పెనాల్టీ దొరికింది. అందరిలోకీ పొడుగు కుర్రాడు వచ్చి బంతి పెట్టాడు. గ్యాలరీలో చప్పుడు లేదు. బంతి వచ్చింది, గూర్ఖా గాల్లో అడ్డంగా తేలాడు, బంతి అతని పిడికిలికి తగిలి బయటికి పోయింది. అయిదు వందల మందీ బాసింపట్లు విప్పి ఒకేసారి లేచి గెంతారు.

బస్తా లేచి గెంతదు. ఆ సంగతి నాకు అప్పుడు తట్టింది, ఎందుకంటే సరిగ్గా ఆ క్షణంలో గ్యాలరీ కింద టప్‌మని ఒక చప్పుడయింది. పైన ఆ గోలలో ఎవరికీ వినబడలేదు. నేనూ మావయ్యా గ్యాలరీ పక్కనే ఉన్నాం, మాకు వినబడింది. ఇద్దరం కిందకి దూరాం. నడిమి భాగంలో ఒక సరుగుడు గుంజ నిలువునా చీలింది. పక్క గుంజలు నిటారుగానే ఉన్నాయి. మావయ్య చీలిక మీద చెయ్యి పెట్టి, నా వైపు తిరిగి, చాలా నెమ్మదిగా అడిగాడు. "ఆగుద్దా?"

అప్పటిదాకా నన్ను ఎవరూ అంత నమ్మకంతో ఏదీ అడగలేదు. నేను కళ్ళు మూసుకుని లెక్క వేశాను. ఉన్నది సగం మంది. బరువు సగం. ఒక్క గుంజ పోయినా, దాని భారం పక్క రెంటి మీదా పడినా, ఇంకా మిగులు ఉంది. "లెక్క ప్రకారం ఆగుద్ది మావయ్యా" అన్నాను. అబద్ధం కాదు. ఇంతలో మాస్టారు కూడా వంగి లోపలికి వచ్చి, గుంజ చూసి, తెల్లబోయి, "ఇప్పుడు దింపితే మన పరువు పోద్దండి. మీ పేరు అసలే... ఇంకో గంట ఓపిక పట్టండి, ఎలాగూ సగం మందే ఉన్నారుగా" అన్నారు. మావయ్య పైకి చూశాడు. చెక్కల సందుల్లోంచి పాదాలు కనబడుతున్నాయి. ఒక సందులోంచి ఒక చంటిపిల్ల, తల్లి ఒళ్ళోంచి జారి బోర్లా పడుకుని, కింద ఉన్న మా ముగ్గుర్నీ ఆసక్తిగా చూస్తోంది. "అల్లుడూ, నీ లెక్కలో దీన్ని ఎంత బస్తా వేశావురా?" అన్నాడు మావయ్య. ఒళ్ళో పిల్లల్ని నేను అసలు లెక్కలోకే తీసుకోలేదు. నేను జవాబు చెప్పేలోపు ఆయన బయటికి నడిచి, మైకు ఉన్న బల్ల దగ్గరికి వెళ్ళిపోయాడు.

"అయ్యా, అమ్మా, అందరికీ నమస్కారం అండి. నేనండి, వాలుపందిరిని." తన నోటితో తను ఆ పేరు అనడం అదే మొదటిసారి. జనం ఘొల్లున నవ్వారు. ఆయన ఆ నవ్వు ఆగేదాకా ఆగాడు. "ఈ గ్యాలరీ నేనే కట్టానండి. కింద ఒక గుంజ చీలిందండి. పడలేదండి. మా మేనల్లుడు పడదంటున్నాడండి. కానీ నాకు మనసొప్పట్లేదండి. కంగారేం లేదు, తోసుకోకండి. పిల్లలున్న ఆడవాళ్ళు ముందు దిగండి. కింద వరస వాళ్ళు తర్వాత దిగండి. ఎవరూ గెంతకండి. దయచేసి దిగండి."

ఆ మాట విన్నాక అయిదు వందల మంది ఒకేసారి పరిగెడితే ఏమవుతుందో లెక్కవేసే ధైర్యం నాకు లేదు. కానీ వాళ్ళు ఎవరనుకున్నారు? "మీరు ముందండి" అన్నారు రైతుగారు. "అబ్బే, మీరే దిగండి, మాదేముంది" అన్నారు అయ్యగారు. "పెద్దవారు, మీరుండగా నేనెలా దిగుతానండి?" అన్నారు రైతుగారు. ఆఖరికి ఆ ఇద్దరూ కలిసి బస్తాలు కుట్టే ముసలాయన్ని చెరో చెయ్యీ పట్టుకుని దింపి, తర్వాత వాళ్ళు దిగారు. మైకులో మావయ్య "దిగండి, దిగండి" అంటూనే ఉన్నాడు. గ్యాలరీ మొత్తం అలా, పెళ్ళి భోజనాల నుంచి లేస్తున్నట్టు, వరస వరసగా, ఒకరికొకరు దారిచ్చుకుంటూ ఖాళీ అయింది. ఒక్క తోపులాట లేదు. తోపులాట అంతా కిందకొచ్చాక చెప్పుల గుట్ట దగ్గర జరిగింది. అక్కడ మాత్రం అండీలు, గార్లు ఏమీ లేవు. "ఒరేయ్, అది నాది! కుడికాలు మా బావది!" అని ఒకటే గోల. ఒకాయనకి రెండూ ఎడమకాలివే దొరికాయి. ఆయన ఆ రాత్రి ఇంటికి కాస్త వంపుగా నడిచి వెళ్ళాడట.

ఆ తర్వాత ఆట కొనసాగింది. గ్యాలరీ దిగినవాళ్ళూ, అసలు ఎక్కనివాళ్ళూ, అందరూ గ్రౌండు గీత చుట్టూ నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. ఎవరి తలా ఎవరి కాళ్ళ దగ్గర లేదు. వెనకవాళ్ళు నిలబడ్డారు, పిల్లలు ముందు కూర్చున్నారు. వెయ్యి పాసులకీ చోటు సరిపోయింది, కండువాలు వేసి ఆపిన తోడల్లుళ్ళతో సహా. ఎక్కడా నీలం అంకె ఒక్కటి లేదు. గెలిచింది ఆఫ్రికా కుర్రాళ్ళే. కానీ ఆట అయ్యాక వాళ్ళే వెళ్ళి మా గూర్ఖాని భుజాల మీదకెత్తుకున్నారు. పెనాల్టీ కొట్టిన పొడుగు కుర్రాడి భుజాల మీద కూర్చుని, ఆ గూర్ఖా మాత్రం సిగ్గుపడుతూ వంగి, ఆ భుజాన్ని తాకి కళ్ళకద్దుకున్నాడు. మా ఊళ్ళో ఉండీ ఉండీ అతనికీ అలవాటైపోయింది.

ఖాళీ గ్యాలరీ టోర్నమెంటు అయ్యేదాకా అలాగే నిలబడి ఉంది. తర్వాత నేనూ మావయ్యా విప్పుతుంటే, చీలిన గుంజ చేతికొచ్చింది. చీలిక సగంలోనే ఆగిపోయింది. నాకు ఉండబట్టలేదు. "ఆగుద్దని చెప్పాను కదా మావయ్యా, ఆగింది" అన్నాను. "ఆగింది" అన్నాడాయన. "మరి నువ్వు అందర్నీ దింపేశావు." ఆయన తాడు చుడుతూనే, "ఆగుద్దని నీకు తెలుసు. నాకు తెలీదు కదరా" అన్నాడు. నా నీలం అంకెలున్న చెక్కలు మాత్రం చాలాకాలం ఆయన పెరట్లో గేదెల కొట్టానికి గోడలయ్యాయి. నాలుగు వందల యాభై ఒకటి నుంచి నాలుగు వందల తొంభై దాకా అంకెల ముందు రెండు గేదెలు నిలబడి ఉండేవి, ఎంత చోటు కావాలంటే అంత తీసుకుని.

వాలుపందిరి అన్న పేరు పోతుందా పోదా అని మేము భయపడ్డాం కదా. పోయింది. కానీ పోయిన తీరు వేరు. ఆ వారంలోనే హోటల్లో ఎవరో "దిగండి గారూ, టీ తాగుతారేంటండి?" అన్నారు. ఆ పేరే నిలిచిపోయింది. మొదట మావయ్య చిన్నబుచ్చుకున్నాడు. తర్వాత పెద్ద రైతుగారు వాళ్ళమ్మాయి పెళ్ళి పందిరికి ఆయన్నే పిలిచారు. "దిగండి గారైతే నాకు ధీమా. ఏదన్నా తేడా వస్తే ముందే చెప్తారు" అన్నారట. ఆ మాట ఊళ్ళు దాటింది. ఆ తర్వాత మావయ్య గుంజలు నీడలోకి జరుపుకుంటూ కూర్చోవడం నేను చూడలేదు. నేను మాత్రం ఆయన దగ్గరే పని నేర్చుకుని, ఇప్పటిదాకా జనం లెక్కలు, సామాన్ల లెక్కలు వేస్తూనే బతికాను. ఒక్క మార్పు. ఎంతమంది పడతారని ఎవరన్నా అడిగితే, ఎలా కూర్చుంటారని ముందు అడుగుతాను.

కొన్నేళ్ళ కిందట మన దేశంలోనే కుర్రాళ్ళ ప్రపంచ ఫుట్‌బాల్ పోటీలు జరిగినప్పుడు, కొచ్చిలో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి నన్ను స్టేడియానికి తీసుకెళ్ళాడు. అప్పటికి మావయ్య లేడు. ఎక్కీ ఎక్కీ మా వరస చేరుకున్నాక, కుర్చీ మీద అంకె చూసుకుని, కూర్చోకముందే చేత్తో కొలిచాను. సరిగ్గా రెండు జానలు. అడుగున్నర. మంగలి షాపు పత్రిక అబద్ధం చెప్పలేదు. తృప్తిగా కూర్చుని కాళ్ళు కిందకి దించబోయాను. నా పాదాలు దిగే చోట, ముందు వరసలో, ఒక తెల్లజుట్టు పెద్దాయన కూర్చుని ఉన్నారు. ఎప్పుడు విడిచానో తెలియకుండా చెప్పులు విడిచేశాను. ఎప్పుడు మడిచానో తెలియకుండా కాళ్ళు మడిచేశాను. ఆ కుర్చీలో బాసింపట్టు పడదు. నా కుడి మోకాలు పక్కనున్న మలయాళీ కుర్రాడి ఒళ్ళోకి వెళ్ళింది. అతను కంగారుగా చూసి, "అంకుల్, యోగా?" అన్నాడు. "పర్లేదు బాబూ" అన్నాను నేను, తెలుగులో, ఎందుకన్నానో తెలియదు. ఆట మొత్తం అలాగే చూశాను. గోలు పడినప్పుడు వేలమంది లేచి గెంతారు. నేను కూర్చునే ఉండి, కింద చప్పుడు కోసం చెవులు రిక్కించాను. ఏ చప్పుడూ కాలేదు. మంచి కట్టడం.

ఆట అయిపోయాక మా వరసలో ప్రతివాళ్ళకీ చెయ్యి చూపించి, మీరు ముందు వెళ్ళండి, మీరు ముందు వెళ్ళండి అని సైగ చేస్తూ కూర్చున్నాను. అక్కడ ఎవరూ తిరిగి నన్ను ముందు వెళ్ళమనలేదు, కాబట్టి అందరూ వెళ్ళిపోయారు. మా అబ్బాయి నేను వెనకే వస్తున్నాననుకుని కింద దాకా దిగిపోయాడు. లేచి చెప్పుల కోసం చూస్తే ఒకటే ఉంది. రెండోది ఎప్పుడో ముందు మెట్టు మీదకి జారిపోయింది. ఆ తెల్లజుట్టు పెద్దాయన వెళ్ళేముందు దాన్ని తీసి, తన కుర్చీ మీద, నాకు కనబడేలా నిటారుగా పెట్టి వెళ్ళారు. అది వేసుకుని, ఆ ఖాళీ వరసలన్నీ ఒకసారి చూశాను. మా ఊరివాళ్ళతో నింపితే ఇందులో సగమే పడతారు. కింద గేటు దగ్గర నుంచి మా అబ్బాయి రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని అరిచాడు. "నాన్నగారూ! అందరూ వెళ్ళిపోయారు, ఇంక దిగండి!"

ఆ మాటకి నేనెందుకు అంతసేపు నవ్వానో, నవ్వుతూ కళ్ళెందుకు తుడుచుకున్నానో, వాడికి దారిలో చెప్పాల్సి వచ్చింది. అప్పటికి మాత్రం, ఎవరూ లేకపోయినా, వరస వరసకీ ఆగి, దారిచ్చుకుంటూ దిగాను.